బిడ్డ పళ్లెములోనిది భిక్షమా, బాకీయా?



నిర్గమకాండము రెండవ అధ్యాయములో ఒక చిన్న ఒప్పందము కలదు. నదిలో జమ్ముపెట్టెలో దొరికిన పసివానిని చూచి ఫరో కుమార్తె జాలిపడెను. వానికి పాలిచ్చుటకు దాది కావలసివచ్చెను. బిడ్డ అక్క పోయి కన్నతల్లినే పిలుచుకొని వచ్చెను. రాజకుమార్తె ఆ బిడ్డను ఆమె చేతికిచ్చి, పెంచినందుకు జీతమిత్తునని ఒప్పుకొనెను.

ఈ భాగమును ఆదివారపు బడిలో చిన్ననాటినుండి వినియున్నాము. జమ్ముపెట్టె, నది, అక్క తెలివి అన్నియు జ్ఞాపకమున్నవి. జీతము అను మాటయొద్ద మాత్రము ఎవరును ఆగరు. అది ఏ సొమ్ము? రాజు బొక్కసపు సొమ్ము. ఏ రాజు? హెబ్రీయుల మగబిడ్డలను నదిలో వేయుడని ఆజ్ఞాపించిన రాజు. అట్టి యింటినుండి వచ్చిన సొమ్మును యోకెబెదు వద్దనలేదు. ఇచ్చిన ఆమె దానిని ధర్మమని పిలువలేదు. బిడ్డను పెంచుట ఒక పని, ఆ పనికి జీతము కలదు, ఇద్దరును అట్లే ఎంచిరి.

ఇప్పుడు మన ఊళ్లకు వత్తము. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు దారిలో ఏ ఊరిలో బస్సు దిగినను, బడి పక్కననో, అద్దెకు తీసికొన్న ఒక గదిలోనో అంగన్‌వాడీ కేంద్రము కనబడును. రాష్ట్రమంతట ఇట్టివి 55 వేలకు పైగా కలవు. మూడేండ్లు దాటి ఆరేండ్లు నిండని పిల్లలకు అక్కడ వేడి అన్నము, గుడ్డు, పాలు. అంతకంటె చిన్నవారికి ఇంటికి బాలామృతము పొట్లము. గర్భిణులకును బాలింతలకును వేరుగా ఆహారము. టీచరు బిడ్డను తూచి బరువు వ్రాసికొనును. ఆయా వండును, గిన్నెలు తోమును, రాని పిల్లలను ఇండ్లకు పోయి ఎత్తుకొని వచ్చును.

ఆ గుడ్డును గూర్చి మన ఇండ్లలో ఎట్లు మాటలాడుదురో వినుడి. “గవర్నమెంటోళ్లు పెడుతుండారు” అందురు. పెట్టుట అనునది అన్నదానపు మాట. తినువాడు తల వంచుకొని తినవలెను. గుడ్డు చిన్నదైనను, పాలు విరిగినను, వారము దినములు అసలు రాకపోయినను నోరు మెదపరాదు. పెట్టినవారిని అడుగుదుమా?

అందుచేత ఈ నెల నేను అడుగదలచిన ప్రశ్న ఇది. మన బిడ్డ పళ్లెములో ప్రభుత్వము వడ్డించునది భిక్షమా, బాకీయా? ఇది మాటల పట్టింపు కాదు. భిక్షమైనయెడల ఇచ్చువాడు తనకిష్టమైనప్పుడు తగ్గించవచ్చును, మానివేయవచ్చును, పుచ్చుకొనువానిచేత దండములు పెట్టించుకొనవచ్చును. బాకీయైనయెడల లెక్క అడుగవచ్చును, గడువు దాటినప్పుడు తలుపు తట్టవచ్చును.

మొదట సొమ్ము వచ్చు దారి చూతము. 2017లో కేంద్రప్రభుత్వము సవరించిన లెక్క ప్రకారము బిడ్డ ఒక్కరికి దినమునకు 8 రూపాయలు. మిక్కిలి కృశించిన బిడ్డకు 12 రూపాయలు. గర్భిణికిని బాలింతకును 9 రూపాయల 50 పైసలు. ఈ ఆహారపు ఖర్చులో సగము ఢిల్లీ, సగము రాష్ట్రము భరించవలెను. 8 రూపాయలలో ఒక గుడ్డు కొనిన తరువాత ఏమి మిగులునో అంగడికి పోవు ప్రతి తల్లికి తెలియును. పాలకును గుడ్లకును రాష్ట్రము తన బొక్కసమునుండి పైన చేర్చవలసివచ్చెను. టీచరు జీతము సంగతియు ఇట్టిదే. 2018 అక్టోబరునుండి కేంద్రపు లెక్కలో ఆమెకు నెలకు 4,500 రూపాయలు, అందులో ఢిల్లీ వంతు నూటికి 60, అనగా 2,700. మన రాష్ట్రములో 2019లో ఆమెకు నిర్ణయించినది 11,500. తక్కిన 8,800 రూపాయలు ఎక్కడివి? శాసనసభ ప్రతి సంవత్సరము స్త్రీ శిశు సంక్షేమ శాఖ పేర మంజూరు చేయు పద్దులోనివి. ఢిల్లీని గూర్చి ఎంత మాటలాడుకొన్నను, ఆయా వచ్చునా రాదా, గుడ్డు వచ్చునా రాదా అనునది ఎక్కువ పాలు తేలుచున్నది మన శాసనసభలోనే.

ఆ పద్దులోని సొమ్ము ఎవరిది? పత్తి ఏరి వచ్చిన కూలిమనిషి సబ్బుబిళ్ల కొనినప్పుడు పన్ను కట్టుచున్నది. కొడుకుకు చెప్పులు కొనినప్పుడు కట్టుచున్నది. ఆమెకు రసీదు ఎవరును ఇయ్యరు గనుక తాను ఏమియు ఇయ్యలేదని ఆమె తలంచును.

పళ్లెము మీద పేర్లు మాత్రము మారుచుండును. 2013లో తల్లులకు ఒక పూట భోజనము పెట్టు పథకమునకు ఇందిరమ్మ అమృతహస్తమని పేరు. ప్రభుత్వము మారిన తరువాత అది అన్న అమృతహస్తమాయెను. 2020లో వైఎస్సార్ సంపూర్ణ పోషణ వచ్చెను. అన్నము అదే, పప్పు అదే, వండు ఆయాయు ఆమెయే. నేను ఏ పార్టీ మీదను వ్రాయుటలేదు, అందరును చేసినది ఒకే పని. అప్పు తీర్చువాడు ఎవడైనను నోటు మీద తన బొమ్మ వేసికొని తీర్చునా?

వాక్యములో ఈ రెండు మార్గములును కలవు. ఒకటి పరిగె మార్గము. కె.సి. కాలువ క్రింద వరి కోసిన మళ్లలో పరిగె ఏరుకొను ముసలమ్మలను మనమందరము చూచినవారమే. లేవీయకాండము 19వ అధ్యాయములోను, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములోను దానికి కట్టడ కలదు. పొలము అంచువరకు కోయరాదు. మరచిన పనకొరకు తిరిగి పోరాదు. అది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి చెందినది. గమనించుడి, ఆ పన యజమానుడు ఇచ్చినది కాదు. కట్టడచేత అది అతనిది కాకుండ పోయినది. అతడు దాతనని చెప్పుకొనుటకు వీలు లేదు, ఏరుకొనినామె అతని కాళ్లకు మ్రొక్కవలసిన పనియు లేదు. బోయజు మంచివాడనుట నిజమే. అయితే అతని మంచితనము ఎక్కడ మొదలాయెను? రూతు ఏరుకొనుటకు కట్టడయే దారి ఇచ్చెను. అటుపైన ఆమె కొరకు కొన్ని పిడికిళ్లు కావలెనని జారవిడువుడని అతడు పనివారికి చెప్పినాడు చూడుడి, దయ అనునది అది. బాకీ తీరిన తరువాతి సంగతి.

రెండవది యోసేపు కొట్ల మార్గము. ఆదికాండము 41వ అధ్యాయమును, యోసేపు ముందుచూపును పొగడుచు మనము ప్రసంగములు చేయుదుము, చేయవలసినదే. 47వ అధ్యాయమునకు వచ్చుసరికి మన స్వరము తగ్గును. అక్కడ జనులు ధాన్యము కొరకు మొదట రూకలిచ్చిరి, తరువాత పశువులనిచ్చిరి, కడపట పొలములతోకూడ తమ్మును తామే ఫరోకు అమ్ముకొనిరి. ఆ ధాన్యము ఎవరు పండించినది? సమృద్ధిగల ఏడు సంవత్సరములలో వారి పొలములనుండి అయిదవ వంతుగా పోయినదే. తమ గింజలనే తాము తిరిగి తెచ్చుకొనుటకు వారు దాసులైరి, పైగా ప్రాణము కాచినావని కృతజ్ఞతయు తెలుపుకొనిరి. ఎన్నికల ముందు ఇంటింటికి వచ్చి, మేము పెట్టినది తినుచున్నారు గదా అని గుర్తుచేయువారిని చూచినప్పుడు నాకు ఈ అధ్యాయము జ్ఞాపకము వచ్చును.

మన సంఘములకు తల వంచుకొను అలవాటు ఎక్కువ, దానికి కారణమును కలదు. 1876–78 నాటి కరవు మన కర్నూలు సీమను నాశనము చేసెను. 1877లో ప్రభుత్వము పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర కరవుపనులలో మట్టి మోయు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని తగ్గించినాడు. బొక్కసము మిగులవలెనని ఒక మాట, ఎక్కువ పెట్టినయెడల జనులు పనికి రారని ఇంకొక మాట. ఆ మాటలు నేటికిని కచేరీలలో వినబడుచున్నవి. ఆ దినములలో మిషనులు అనాథ బిడ్డలను చేరదీసినవి. ఆళ్లగడ్డ దాపుననున్న ముత్యాలపాడులో ఎస్.పి.జి. మిషను అంతకుముందునుండియే పనిచేయుచుండెను. సముద్రమునకు ఆవల కానుకపెట్టెలో చిల్లర వేసినవారు మనకు ఏమియు బాకీపడలేదు. వారియెడల మన పితరులు చూపిన కృతజ్ఞత న్యాయమైనది. ఆ చేతులు జోడించు అలవాటుతోనే మనము ఐ.సి.డి.యస్. కార్యాలయమునకు పోవుచున్నాము, అక్కడ అది తగదు.

బాకీ అనుటకు పత్రము ఎక్కడ అని అడుగువారున్నారు. కలదు. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు రాజ్యాంగము వ్రాసిన సభలో సభ్యురాలు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆ మండలి సాయముతో పల్లెలలో బాలవాడీలు వెలసినవి. 1975 అక్టోబరు 2న దేశమందు 33 ప్రాజెక్టులతో ఐ.సి.డి.యస్. మొదలాయెను. 2001లోను, మరల 2006లోను, బిడ్డలున్న ప్రతి పల్లెకు, ప్రతి వాడకు ఈ సేవ అందవలెనని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2013లో జాతీయ ఆహారభద్రతా చట్టము వచ్చెను. ఆరు నెలలు మొదలు ఆరేండ్లవరకు బిడ్డకు అంగన్‌వాడీ ద్వారా ఉచితముగా ఆహారము పొందు హక్కు దానిలో వ్రాయబడినది. ఇంకొక సంగతి చాలమందికి తెలియదు. ఆ చట్టము ఎనిమిదవ సెక్షను ప్రకారము, ఇయ్యవలసిన ఆహారము ఇయ్యనియెడల దానికి బదులు రాష్ట్రప్రభుత్వము భత్యము చెల్లించవలెను. భిక్షము తప్పినందుకు ఎవడైనను పరిహారము చెల్లించునా?

పత్రములో సందులును ఉన్నవి. 2002లో రాజ్యాంగమునకు 86వ సవరణ చేసిరి. ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డకు చదువు ప్రాథమిక హక్కాయెను. ఆరేండ్లు నిండనివారిని 45వ అధికరణములో ఉంచి, వారి సంరక్షణకును విద్యకును రాజ్యము ప్రయత్నించవలెనని వ్రాసిరి. ఆరేండ్ల బిడ్డకు హక్కు, అయిదేండ్ల బిడ్డకు ప్రయత్నము. మెదడు పెరుగు వేగము మొదటి సంవత్సరములలోనే ఎక్కువని వైద్యులు చెప్పుచుండగా, చట్టము ఆ సంవత్సరములనే వాకిట నిలిపినది. తల్లి సంగతి చూడుడి. 2013 చట్టము గర్భిణికి తక్కువపక్షము 6,000 రూపాయలు అని చెప్పెను. 2017లో వచ్చిన మాతృవందన పథకము 5,000 అనెను, అదియు మొదటి కాన్పుకే. 2022 సవరణలో రెండవ బిడ్డ ఆడపిల్లయైన 6,000 చేర్చిరి. రెండవ కాన్పులో మగబిడ్డ పుట్టిన తల్లికి ఆకలి వేయదా?

ఈ బాకీ తీరకపోయినయెడల ఏమగును? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 31 మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదు. అంతకుముందు నాలుగైదేండ్ల క్రిందటి లెక్కకును దీనికిని తేడా లేదనియే చెప్పవలెను. ఆరు నెలలనుండి అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత. ఎదుగవలసిన కాలములో ఎదుగని ఎత్తు తరువాత తెచ్చి పెట్టుటకు చాల కష్టము. రోడ్డు ఈ సంవత్సరము వేయకున్న వచ్చే సంవత్సరము వేయవచ్చును. రెండేండ్ల బిడ్డ వచ్చే సంవత్సరమునకు రెండేండ్ల బిడ్డగా ఉండదు.

పెద్దలు కొందరు వేరొక మాట చెప్పుదురు. కన్నవారే పెంచవలెను, తన యింటివారిని పోషింపనివాడు అవిశ్వాసికంటె చెడ్డవాడని పౌలు తిమోతికి వ్రాయలేదా అందురు. వ్రాసెను. అయితే తెల్లవారుజామున ఆటో ఎక్కి మిరపచేనికో శనగచేనికో పోవు తల్లి తన యింటివారిని విడిచిపెట్టినట్లా? వారికొరకే పోవుచున్నది. ఆమె పోయిన తరువాత చంటివానిని ఎవరు ఎత్తుకొందురు? ఎనిమిదేండ్ల అక్క. మన ప్రాంతమున సీడుపత్తి చేలలో పూలకు పుప్పొడి అద్దు పనికి ఆడపిల్లల చేతులను వాడిన సంవత్సరములు ఎవరికిని మరపురానివి. చేనికి పోని పిల్ల ఇంటిలో తమ్ముని చంకనెత్తుకొని ఉండెడిది. బడి రెండింటికిని దూరమే. తమ్ముడు అంగన్‌వాడీలో కూర్చున్న దినమున అక్క చంక ఖాళీయగును, ఆమె పలక పట్టుకొనవచ్చును. ఆ ఒక్క గదివలన రెండు జీవితములకు దారి కలుగుచున్నది. పని చేయనివాడు తినరాదను మాటను కూడ కొందరు తెత్తురు. థెస్సలొనీకయలో అది పని చేయనొల్లని పెద్దవారికి వ్రాసినది. మూడేండ్ల బిడ్డకు దానిని చదివి వినిపించు పెద్దమనిషి ఉన్నచో ఆయనకు నా నమస్కారము.

ఇక కష్టమైన భాగమునకు వచ్చితిని. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతట అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగిరి. జనవరిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత దేవాలయపు అరుగు మీద మాట లేచెను.

“అయ్యగారూ, పిల్లోళ్ల నోటికాడ గుడ్డు తీసేసి రోడ్డు మీద కూసుండారు. ఇదేమన్నా దరమమా?” అని ఒక తల్లి అడిగెను. రెండవ కాన్పు జరిగి మూడు నెలలైన ఆమె.

అదే అరుగు మీద ఆయా ఒకామె చెప్పులు తొడుగుకొనుచుండెను. ఆమెయు మన సంఘస్థురాలే. “నెలకు ఏడువేలకు నీ బిడ్డను కడిగి తుడిచేది నేనే కదక్కా. మా యింట్లో పిల్లోళ్లు లేరా? వాళ్లేం తినాల?” అనెను.

అక్కడ నిలిచినవారు ఇద్దరిని సమాధానపరచి పంపుమని నా వైపు చూచిరి. సమాధానపరచుట తేలిక. ఇద్దరును విశ్వాసులు, ప్రార్థన చేసి చేయి కలిపించవచ్చును. అట్లు చేసినయెడల తగవు ఆ ఇద్దరిదే అని ఒప్పుకొన్నట్లగును. తగవు వారిది కాదు. ఇద్దరికిని బాకీపడినవాడు ఆ అరుగు మీద లేడు.

వారు అడిగినదేమి? నెలకు 26,000 రూపాయల వేతనము, పని విరమించునప్పుడు గ్రాట్యుటీ. గ్రాట్యుటీ వీరికి చెందునని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పియే యుండెను. సమ్మె మొదలైన తరువాత కేంద్రముల తాళములు పగులగొట్టించి, గ్రామ సచివాలయపు సిబ్బందిచేత నడిపించుటకు ప్రయత్నించిరి. 2024 జనవరి 6న ప్రభుత్వము అత్యవసర సేవల చట్టమును వారి మీద ప్రయోగించెను. ఈ చట్టమునకు ఎస్మా అని పేరు. ఇచ్చట ఒక్క క్షణము ఆగుడి. సేవ ఆగరాని అత్యవసర సేవ అట. ఆ సేవ చేయు స్త్రీ మాత్రము ఉద్యోగి కాదట. 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో వీరు ప్రభుత్వపు కొలువులో ఉన్నవారు కారనెను. వీరికి ఇచ్చునది జీతము కాదు, గౌరవ వేతనము. స్వచ్ఛందముగా వచ్చినవారని కాగితము చెప్పును, స్వచ్ఛందముగా లేచిపోవుటకు మాత్రము వీలులేదని చట్టము చెప్పును. ఫరో కుమార్తె ఇంతకంటె సూటిగా మాటలాడినది.

గౌరవ వేతనమను మాటను నేను నమ్మను. గౌరవించు చోట వేతనము తగ్గునా? కలెక్టరు గారికి గౌరవ వేతనమిచ్చిన ఊరును ఇంతవరకు వినలేదు. ప్రభుత్వము బిడ్డకు పడిన బాకీని ఒక పేద స్త్రీ కూలిలోనుండి తీర్చుచున్నది, దానినే ఈ మాట కప్పుచున్నది. యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయములో కోతవారికి పట్టియుంచిన కూలి మొరపెట్టుచున్నదని వ్రాసెను. పొలములోని కూలివానికే గాని, పిల్లలకు అన్నము వండు ఆయాకు ఆ మాట వర్తించదనుటకు నాకు కారణము కనబడలేదు.

అయినను ఆ తల్లి ప్రశ్న పోదు. సమ్మె 42 దినములు సాగెను. కొందరిని తొలగించుటకు ఉత్తరువులు వెలువడు స్థితికి వచ్చి, జనవరి 22 రాత్రి చర్చలలో కొన్ని కోరికలు ఒప్పుకొని, వేతనము పెంపును తరువాతకు విడిచి, ముగించిరి. ఆ 42 దినములలో బరువు తగ్గిన బిడ్డకు నా వాదము అన్నము కాదు. బాధ్యత ఎవరిదని నన్నడిగిన, చట్టము పేరుపెట్టి ఎవరి మీద ఉంచెనో వారిది అని చెప్పుదును. ఆహారము అందనప్పుడు భత్యమియ్యవలసినదియు వారే. సమ్మె చేసిన స్త్రీలు నిర్దయులు అనుటకు ముందు, ఏండ్ల తరబడి కేంద్రములో నూనె తక్కువైనప్పుడు తమ ఇంటినుండి తెచ్చిన ఆయాలు మన ఊళ్లలోనే ఉన్నారని తలంచుకొనవలెను. ఆ నూనె ఎవరి లెక్కలోను లేదు.

ఆ దినములలో ఒక యౌవనస్థుడు మంచి ప్రశ్న వేసెను. సంఘము తరఫున పిల్లలకు వండిపెట్టినయెడల సమ్మె చేయువారికి ద్రోహమగునా అని. కాదని నా అభిప్రాయము, ఒక షరతు మీద. తాళము పగులగొట్టిన గదిలో, వారి గిన్నెలలో, వారి స్థానమున నిలిచి వండరాదు. మన అరుగు మీద, మన బియ్యముతో వండవచ్చును. అది బోయజు జారవిడిచిన పిడికెడు. దానివలన కట్టడ తీరిపోయినదని ఏ అధికారియు తలంచకుండ, వండిన దినములు, తినిన పిల్లల సంఖ్య వ్రాసి పెట్టుకొనవలెను.

ఇంత సొమ్ము ఏ రాష్ట్రము భరించగలదు అనువారికి పొరుగును చూపుదును. 1982 జూలై 1న తమిళనాడులో ఎం.జి.ఆర్. ప్రభుత్వము రెండేండ్ల బిడ్డనుండి బడిపిల్లవానివరకు మధ్యాహ్నభోజనము మొదలుపెట్టినప్పుడు, బొక్కసము ఎండిపోవునని పెద్దలు పరిహసించిరి. తరువాత ఏ పార్టీ వచ్చినను దానిని ఆపుటకు సాహసింపలేదు. జనులు దానిని తమదిగా ఎంచిరి గనుక. దూరదేశమైన ఫిన్లాండు సంగతి ఇంకొకటి. ఆ దేశము బీదగా ఉన్న కాలమున, 1938లో, గర్భిణులకు బిడ్డబట్టల పెట్టె ఇచ్చుట మొదలుపెట్టిరి. మొదట బీదవారికే. 1949నుండి కలిగినవారికి, లేనివారికి, ప్రతి తల్లికి. నాలుగు నెలలలోపు వైద్యపరీక్షకు పోవలెనను ఒక్కటే నిబంధన. అందరు తీసికొనునది గనుక తీసికొనుటలో ఎవరికిని సిగ్గులేదు, నాసిరకము వచ్చిన ఊరుకొనువారును లేరు.

మనయొద్ద నాలుగు డబ్బులు చేరిన ఇల్లు మొదట చేయు పని, బిడ్డను అంగన్‌వాడీ మాన్పించి టై కట్టి వ్యానెక్కించుట. తప్పని అనను, ప్రతి తల్లికి ఆశ ఉండును. అయితే మాటలాడగలవారు, కాగితము వ్రాయగలవారు అట్లు ఒక్కొక్కరే వెళ్లిపోగా, ఆ గదిలో మిగులువారు అడుగనేరని వారి పిల్లలే.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో ఈ తగవే సంఘములో వచ్చెను. దినదినము పంచు ఆహారములో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారని సణుగు పుట్టెను. అపొస్తలులు ఆ స్త్రీలను కృతజ్ఞతలేనివారని గద్దింపలేదు. ఏడుగురిని ఏర్పరచి పంపిణీ పని వారి చేతికిచ్చిరి. ఆ ఏడుగురివి గ్రీకు పేర్లు, అనగా సణిగిన పక్షపువారి పేర్లు.

మన సంఘములో చేయదగినది కొంత కలదు. అద్దెగదిలో వాన కురియు కేంద్రమునకు వారము దినములలో మన ఆదివారపు బడి గది ఇయ్యవచ్చును. అన్ని కులముల, అన్ని మతముల పిల్లలు వత్తురని ఇద్దరు పెద్దలు సందేహించిరి. రావలెననియే గదా ఇచ్చునది. శాసనసభ బడ్జెటు సమావేశములు సాధారణముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో జరుగును. అంతకుముందే మనము ఎన్నుకొన్న సభ్యునికి, జిల్లా కలెక్టరుకు ఒక్కొక్క ఊరినుండి ఒక్కొక్క ఉత్తరము పోవలెను. బ్రతిమాలు మాటలు అందులో వద్దు. గడచిన మూడు నెలలలో గుడ్లు ఎన్ని దినములు వచ్చినవి, ఎన్ని దినములు రాలేదు, బాలామృతము పొట్లము ఎప్పుడు అందినది, గది అద్దె ఎన్ని నెలలు నిలిచినది, ఆయా పోస్టు ఎంతకాలమునుండి ఖాళీగా ఉన్నది, తక్కెడ పనిచేయుచున్నదా. ఇవి తేదీలతో వ్రాసిన చాలును. వ్రాత రానివారు బుధవారపు కూటము తరువాత నాయొద్దకు గాని సంఘపెద్దలయొద్దకు గాని రండి. సంతకములలో తల్లుల పేర్లు మొదట ఉండవలెను, వేలిముద్రయైనను సరే.